చాట దించిన తల్లి

జగిత్యాల దిక్కున ఒక ఊళ్లో ఒక తల్లి, ఆమె బిడ్డ ఉండేవారు. ఇంటాయన దుబాయ్‌లో భవనాల పనికి పోయి ఏళ్లు గడిచాయి. బిడ్డ సర్కారు బడిలో మూడో తరగతి. తల్లి బీడీలు చేసేది.

బీడీల పనంటే పొద్దంతా ఒక్కతీరుగా కూర్చోవడమే. రాత్రి తడిపి గుడ్డలో చుట్టిపెట్టిన తునికాకును పొద్దున్నే తీసి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోయాలి. ఆ తర్వాత గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి, చాట ఒళ్లో పెట్టుకోవాలి. ఆకులో చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ల మధ్య బిగువుగా చుట్టి, గోటితో మూతి మడిచి, దారం కట్టాలి. ఇరవై ఐదుకు ఒక కట్ట. వెయ్యి బీడీలకు కూలి. మధ్యలో లేస్తే వెయ్యి కావని ఆమె మంచినీళ్ల చెంబు కూడా చేతికి అందేటట్టు పక్కనే పెట్టుకునేది.

బడి నుంచి రాగానే బిడ్డ పుస్తకాల సంచి మూలకు పడేసి తల్లి పక్కనే కూలబడేది. కోసి పారేసిన ఆకు ముక్కలు ఏరుకుని, పాత డబ్బా మూత ఒళ్లో పెట్టుకుని, వట్టి ఆకునే చుట్టేది. తల్లి మెడ ఎటు వంగితే దాని మెడా అటే. పొద్దూకి తల్లి లేస్తూ "అబ్బా, నడుమూ" అంటే, ఎనిమిదేళ్ల పిల్ల కూడా నడుం మీద చెయ్యేసుకుని "అబ్బా" అంటూ లేచేది. అది చూసి వాడకట్టంతా నవ్వేది. తల్లీ నవ్వేది.

తంబాకు మాత్రం ముట్టనిచ్చేది కాదు. "ఈ పని నీకొద్దు బిడ్డా. మాలెక్క రెక్కలు ముక్కలు చేసుకునుడు నీకెందుకు? నీడపట్టున కూసోని మంచిగ చదువుకో" అనేది. బిడ్డ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. నీడపట్టున కూర్చుంది.

ఒకనాడు బడి నుంచి పీఈటీ సార్ కబురు పెట్టాడు. తల్లి భయపడుతూ పోయింది. "చదువుల ఫికరేం లేదమ్మా. ఆటల పీరియడ్ వచ్చిందంటే మీ పాప యాపచెట్టు కిందికెల్లి లేవది. ఉరకమంటే సగం గ్రౌండు కాకముందే దమ్ము వస్తుందని కూలబడ్తది. ఇంటికాడ జర ఆడనియ్యుండ్రి" అన్నాడు సార్.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒక్కటే పాట: "పో, ఆడుకో పో." చాట మీంచి తల ఎత్తకుండానే తల్లి రోజుకు పదిసార్లు అనేది. వారం వారం జరిగే అంగడిలో స్కిప్పింగ్ తాడు కొంది. అది మేకుకు వేలాడింది. సంగతి తెలిసి తండ్రి, సెలవు మీద వచ్చే ఊరి మనిషితో బూట్లు పంపాడు. అడుగు పడితే మడమ దగ్గర ఎర్ర దీపాలు వెలిగే బూట్లు. పిల్ల మురిసిపోయి తొడుక్కుని, తల్లి పక్కనే కూర్చుని, మడమలు నేలకేసి కొడుతూ దీపాలు వెలిగించుకుంది. చివరికి తల్లి బేరం పెట్టింది: "చెరువు కట్ట దాక ఉరికొస్తే పది రూపాయలిస్త." పిల్ల వాడకట్టు మలుపు తిరిగి, ఎవరిదో అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చి పది రూపాయలు తీసుకుంది. ఆ గుట్టు రట్టైన రోజు వీపు మీద ఒకటి పడింది కూడా.

శుక్రవారం నాడు తండ్రి వీడియో కాల్ చేసేవాడు. "ఉరకాలె బిడ్డా. గట్టిగుండాలె" అనేవాడు, క్యాంపులో మంచం మీద పండుకుని. వారమంతా ఎండలో సారవలు ఎక్కి దిగి, ఇనుప చువ్వలు మోసి ఒళ్లు హూనమయ్యే మనిషి ఆయన. బిడ్డకు ఆ సంగతి తెలియదు. ఆమెకు తెలిసిన బాపు దిండుకు ఆనుకున్న ముఖమే.

ఎండకాలం సెలవులకు తల్లి బిడ్డను తీసుకుని తల్లిగారింటికి పోయింది. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా నేల. ఊరు అడవి అంచున. తునికాకు కోతల కాలం. జగిత్యాల దిక్కు చాటల్లోకి వచ్చే ఆకుకు ఆ అడవులే పుట్టిల్లు.

అమ్మమ్మ కోడి కూసే యాళ్లకు లేచి, నడుముకు ఒడి కట్టుకుని, నీళ్ల సీసా పట్టుకుని బయల్దేరేది. మొదటి రోజే చప్పుడుకు లేచిన మనవరాలు ఆమె వెంట పడింది. అమ్మమ్మ రమ్మననూ లేదు, వద్దననూ లేదు. పొదల మధ్య కాలిబాటన ముసలామె ముందు, పిల్ల వెనక. కొన్నాళ్లకు పిల్ల ముందు, ముసలామె వెనక. ఎండ ముదిరేలోపు తిరిగొచ్చి, చింతచెట్టు నీడన ఆకుల మీద ఆకులు పేర్చి, యాభైకి ఒక కట్ట చొప్పున నారతో కట్టి, ఆకు కొనే కల్లం దగ్గరికి మోసుకుపోయేవారు. రాత్రి అన్నం కంచంలో చెయ్యి కడుగుతూనే పిల్ల కునికిపాట్లు పడేది.

"ఇంటికాడ గడప దాటది. ఇక్కడికొస్తే దీనికి కాళ్లొస్తయి. ఈ ఊరి గాలే వేరు" అని తల్లి ఆశ్చర్యపోయింది. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆమెకు తెల్లారి మళ్లీ అడవికి పోయేది ఉంది.

సెలవులు అయిపోయాయి. ఊరికి తిరిగొచ్చిన వారంలోపే పిల్ల డబ్బా మూత వెతుక్కుని తల్లి పక్కన చేరింది. తల్లి ఊరి గాలిని తిట్టింది, ఫోన్లను తిట్టింది.

ఆ ఏడు వానకాలం చివర కంపెనీవాళ్లు పని తగ్గించారు. వారంలో రెండు మూడు రోజులకు మించి ఆకు ఇవ్వలేదు. చాట గోడకెక్కింది. చేతిలో పైసలు ఆడని ఆ రోజుల్లోనే పెత్రమాస వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా అంగట్లో పువ్వు కొనే ఇల్లు అది. ఆ ఏడు కొనే తాహతు లేదు. పక్కింటామె గడప దగ్గర నిలబడి, "వదినే, గుట్ట దిక్కు తంగేడు ఇరగబూసిందట. పోదామా?" అంది.

తల్లి ఒక పాత సంచి దులిపింది. పువ్వు తెంపుతుంటే సంచి పట్టుకునే మనిషి కావాలి. చుట్టూ చూస్తే బిడ్డే కనిపించింది. "సంచి పట్టుకో. పోదాం పద" అంది.

పది రూపాయలకు లేవని పిల్ల ఆ మాటకు లేచింది. చెప్పులు వేసుకోబోయి, ఏమనుకుందో, మూలకున్న దీపాల బూట్లు తొడుక్కుంది.

చేల గట్ల మీద గునుగు తెల్లగా కంకులు వేసి ఉంది. అది కోయడం తేలిక. తంగేడు దగ్గర పనితనం కావాలి. కొమ్మ వంచి, పువ్వు గుత్తి కింద గోరు పెట్టి మెలి తిప్పాలి. గుంజితే బెరడంతా చీల్చుకుని వస్తుంది. తల్లి రెండుసార్లు చేసి చూపించింది. మూడోసారికి పిల్లే కొమ్మ వంచింది. కింది పొదల పువ్వు అయిపోతే పైకెక్కారు. ఇంకా పైన పసుపు ఎక్కువ కనిపిస్తే ఇంకా పైకి.

సగం గుట్ట ఎక్కేసరికి తల్లికి దమ్ము పట్టింది. కాళ్లు వణికాయి. బండ మీద కూలబడింది. పీఈటీ సార్ చెప్పిన సగం గ్రౌండు అప్పుడు గుర్తుకొచ్చింది ఆమెకు. పైనుంచి బిడ్డ కేకేసింది: "లెవ్వే అమ్మా! ఇంక జరంతనే!" ఇన్నాళ్లూ ఇంట్లో తాను వేసిన కేకే అది. తాను కూర్చుని వేసింది. బిడ్డ ఎక్కి నిలబడి వేస్తోంది. తల్లి లేచింది.

తొమ్మిది రోజులూ వాళ్లిద్దరూ పువ్వుకు పోయారు. పొద్దుగూకినంక వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మల చుట్టూ చేరి, వంగి చప్పట్లు కొడుతూ, అడుగులో అడుగు వేస్తూ తిరిగారు. ఆ వలయంలో తల్లి పక్కనే బిడ్డ. ఎవరికీ నడుం నొప్పి గుర్తుకు రాలేదు.

సద్దుల బతుకమ్మ అయింది, దసరా అయింది, పని మళ్లీ వచ్చింది. చాట గోడ దిగి ఒళ్లోకి చేరింది. ఆ సాయంత్రం బిడ్డ కూడా డబ్బా మూత పట్టుకుని వచ్చి కూర్చుంది. తల్లి బీడీ మూతి మడవబోతూ పక్కకు చూసింది. తన మెడ వంపే బిడ్డ మెడలో కనిపించింది. అప్పటికి ఏడు వందలే అయ్యాయి. ఆమె ఒక క్షణం లెక్క వేసుకుని, చాట కింద పెట్టింది. "మిగిలిన మూడొందలు దీపం పెట్టినంక చేసుకుంట. పోదాం పద" అంది. ఇద్దరూ చెరువు కట్ట దాకా పోయొచ్చారు. ఆ రాత్రి ఆమె ఆలస్యంగా పడుకుంది. మర్నాడు కూడా పోయారు. కొన్నాళ్లకు పక్కింటి పిల్లలు వెంట వచ్చారు. వాళ్లను వెతుక్కుంటూ వాళ్ల తల్లులు వచ్చారు.

సంక్రాంతి ముందు పీఈటీ సార్ కట్ట మీద ఎదురుపడ్డాడు. "ఇప్పుడెట్లుంది సార్ పిల్ల?" అని అడిగింది. "పరుగుపందెంల ఫస్ట్ రాలేదు, లాస్ట్ రాలేదు. యాపచెట్టు కింద మాత్రం కనపడ్తలేదు" అన్నాడు సార్ నవ్వుతూ.

ఆ శుక్రవారం తండ్రి ఫోన్ చేసి, అలవాటుగా "ఉరుకుతున్నవా బిడ్డా" అని మొదలుపెట్టాడు. తల్లి ఫోన్ అందుకుంది. "ఏమయ్యా, పండుకొని మాట్లాడకు. జర లేసి బయట నడుచుకుంట మాట్లాడు. నువ్వు నడిచేది పిల్లకు సూపియ్యి" అంది. ఆయనకు అర్థం కాలేదు గాని లేచాడు. ఫోన్ కిందికి తిప్పితే క్యాంపు పక్కన మట్టిబాట, సిమెంటు గడ్డకట్టిన ఆయన పని బూట్లు కనిపించాయి. "బాపూ, నీ బూట్లకు దీపాల్లేవా?" అంది పిల్ల. ఆయన పకపకా నవ్వి, అడుగు వేశాడు. పిల్ల కూడా ఫోన్ ముఖానికి అడ్డం పెట్టుకుని వాకిట్లో చుట్లు కొట్టసాగింది. "గోడ సూసుకో, గోడ!" అని వెనక నుంచి తల్లి అరుస్తూనే ఉంది.

నీతి

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఈ సామెతను మనం తాగుడుకో, అబద్ధాలకో వాడుతాం. కూర్చోవడానికీ, లేవడానికీ కూడా అది అంతే సరిగ్గా వర్తిస్తుంది. పిల్లలకు ఆటలు నేర్పేది సార్లే కావచ్చు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒంటితో ఏం చేయాలో నేర్పేది మాత్రం ఇల్లు.

దీన్ని కొలిచి చూసినవారున్నారు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 4 నుంచి 7 ఏళ్ల పిల్లలు 100 మందికి, వాళ్ల తల్లిదండ్రులకు కదలికలు నమోదు చేసే పరికరాలు కట్టి చూశారు. 1991లో ఫలితాలు అచ్చయ్యాయి. తల్లి చురుగ్గా ఉన్న ఇంట్లో బిడ్డ చురుగ్గా ఉండే అవకాశం, తల్లి కదలని ఇంటి బిడ్డతో పోలిస్తే 2 రెట్లు. తండ్రి చురుగ్గా ఉంటే 3.5 రెట్లు. ఇద్దరూ చురుగ్గా ఉంటే 5.8 రెట్లు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 554 మంది తల్లుల మీద, వాళ్ల నాలుగేళ్ల పిల్లల మీద జరిపిన పరిశీలన 2014లో వచ్చింది. అందులోనూ తల్లి ఎంత కదిలితే బిడ్డ అంత కదలడం కనిపించింది.

ఈ లెక్కలను అతిగా లాగకూడదు. వంద మంది పిల్లలు లోకమంతా కాదు. ఒంటి తీరు కొంత పుట్టుకతో వస్తుంది. కొంత వాకిలిని బట్టి, వీధిని బట్టి, ఆడుకోవడానికి జాగా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బిడ్డ కదలకపోతే తప్పంతా తల్లిదని తీర్మానించడం అన్యాయం. వెయ్యి బీడీలకు కూలి కట్టే పనిలో ఆమె కూర్చున్నది సుఖం కోరి కాదు. ఆమె దించిన చాటకు ఖరీదు ఉంది: మూడొందల బీడీలు, రాత్రి నిద్ర. అంత ఖరీదు లేకుండా లేవగలిగినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఈ కథ ముందుగా మనకే.

కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట మీద తెల్లవారకముందే నడిచేవాళ్లను చూడండి. బీపీకో షుగర్‌కో డాక్టర్ చెబితే బయల్దేరి, చెమటలు కక్కుతూ నడిచి, పిల్లలు లేవకముందే ఇల్లు చేరుతారు. పిల్లలు కళ్లు తెరిచేసరికి నాన్న కుర్చీలో పేపర్ చదువుతుంటాడు. ఆ నడక ఆయన గుండెకు మేలు చేసింది, సందేహం లేదు. బిడ్డ కంటికి మాత్రం అది దుబాయ్‌లో సారవ ఎక్కిన తండ్రి కష్టం లాంటిదే. జరిగింది, కానీ కనపడలేదు. ఇంకో నాన్న కొడుకును బండి మీద క్రికెట్ కోచింగ్‌కు దించి, అదే బండి మీద కూర్చుని గంటసేపు ఫోన్ చూసుకుంటాడు. ఫీజు కట్టాడు, బ్యాటు కొన్నాడు, ఎండలో ఎదురుచూశాడు. పెద్దయ్యాక మనిషి గ్రౌండు పక్కన ఏం చేస్తాడో కూడా కొడుకుకు చూపించాడు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. రెక్కల కష్టంతో బతికిన తరాలు మనవి. అందుకే బిడ్డ బాగుపడటమంటే కూర్చుని చేసే కొలువు అనుకున్నాం. మట్టి అంటకుండా, చెమట పట్టకుండా పెంచడమే ప్రేమ అనుకున్నాం. గొడ్డుచాకిరీ నుంచి బిడ్డను తప్పించాలనుకోవడం న్యాయమే. దానితోపాటు నడకను, పరుగును, చెట్టెక్కడాన్ని కూడా తప్పించేశాం. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, మన దేశంలో 2022 నాటికి పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఒంటికి చాలినంత కదలిక లేనివాళ్లే. ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం. 2000లో మొత్తం లెక్క 22 శాతం దగ్గర ఉండేది. పిల్లల ఫోన్ల మీద పడి తిట్టే ముందు ఈ అంకెను ఒకసారి చూసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల ఆట, పరుగు లాంటి కదలిక కావాలి. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలు. అంటే రోజుకు ఇరవై, నలభై నిమిషాలు. చెరువు కట్ట దాకా పోయొచ్చేంత. పెద్దల ఆ కొద్దిసేపు పిల్లల గంటలో కలిస్తే రెండు లెక్కలూ ఒకే నడకలో తీరుతాయి.

ఈ నేలకు ఇది కొత్త పాఠం కాదు. ఏటా పుష్య అమావాస్యకు ముందు కేస్లాపూర్ నాగోబా జాతర కోసం మెస్రం వంశపు గోండులు కాలినడకన బయల్దేరి, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు నుంచి ఝారీ పాత్రలో గోదావరి జలం తెస్తారు. రోజుల తరబడి సాగే నడక అది. జీపులు, ట్రాక్టర్లు వచ్చిన ఈ కాలంలోనూ అది ఆగలేదు. తండ్రులు నడవగా చూసిన కొడుకులు నడుస్తున్నారు. బతుకమ్మ తీరూ అంతే. ఏ తల్లీ బిడ్డను వలయంలోకి పంపి తాను అరుగు మీద కూర్చోదు. తాను తిరుగుతుంది, బిడ్డ పక్కన చేరుతుంది. తొమ్మిది రోజులకు తెలిసిన ఈ మర్మం మిగతా రోజులకు తెలియకపోవడమే మన లోపం.

కాబట్టి బిడ్డ కదలడం లేదని దిగులుపడే అమ్మకైనా నాన్నకైనా మొదటి వైద్యం కొత్త బూట్లలో లేదు, కోచింగ్‌లో లేదు. ఇవాళ సాయంత్రం మీ చేతిలో ఉన్నది చాటైనా, రిమోట్ అయినా, ఫోనైనా, బిడ్డ చూస్తుండగా కింద పెట్టి లేవండి. పాలకో, పువ్వుకో, ఊరికే కట్ట దాకానో పోయి రండి. పిల్లలు పొమ్మంటే పోరు. పోదాం పదమంటే మనకన్నా ముందు నడుస్తారు.